బండ కప్పితే పక్కా ఇల్లేనా?

‘పక్కా ఇల్లు’ అనే మాట మన తండాల్లో అక్షరం రాని ముసలివాళ్లకు కూడా తెలుసు. ఎన్నికలొచ్చినప్పుడు వినబడుతుంది, సర్వేవాళ్లు వచ్చినప్పుడు వినబడుతుంది. కానీ ఆ మాటకు అర్థం ఎవరు పెట్టారు, దేన్ని బట్టి పెట్టారు అని మనం అడగం. మనకు ఎన్ని ఇళ్లు వచ్చాయి, జాబితాలో ఎవరి పేరుంది, బిల్లు ఎప్పుడు పడుతుంది అనే దగ్గరే మన మాటలు ఆగిపోతాయి. అవి అడగవలసినవే. అయితే వాటికంటే ముందు అడగవలసింది ఇంకొకటుంది. ప్రభుత్వం దేన్ని ఇల్లు అంటోంది? ఎవరిని ఇల్లున్నవాడుగా రాసుకుంటోంది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల బడుల్లో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతూ, పిల్లల ఇళ్లకు పోయివస్తూ చూసినదాన్ని బట్టి నా విమర్శ ఇది. మన గృహ విధానం ఇంటిని దానికి వాడిన సామానుతో కొలుస్తుంది. ఆ ఇంట్లో పడుకున్న మనిషి తెల్లారి క్షేమంగా లేస్తాడా, ఆ ఇంట్లో ఉంటూ తన పని తాను చేసుకోగలడా అన్నదానితో కొలవదు. ఈ కొలత మారనంత కాలం ఎన్ని లక్షల ఇళ్లు కట్టినా మనలో చాలామంది కాగితం మీద ఇల్లున్నవాళ్లుగా, నేల మీద ఇల్లు లేనివాళ్లుగా మిగిలిపోతారు.

ముందు మనం ఎక్కడ నిలబడి ఉన్నామో చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో మనం మైదాన ప్రాంత గిరిజనులం. సుగాలీలం, ఎరుకలవాళ్లం. మన ఊళ్లు ఐదో షెడ్యూలులో లేవు, 1/70 చట్టం మనకు వర్తించదు, మన జిల్లాలో ఐటీడీఏ లేదు. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో ఇంటికి 2 లక్షలు ఇస్తారు గానీ అది చెంచులు, కొండరెడ్లు వంటి అతి బలహీన గిరిజన సమూహాలకు. వాళ్లకు అది దక్కవలసిందే, అందులో రెండో మాట లేదు. మనం మాత్రం అందరితోపాటు సాధారణ పథకాల వరుసలోనే నిలబడాలి. కాబట్టి ఆ సాధారణ పథకాల నిబంధనలు ఎవరు ఎలా రాశారన్నది మనకు చిన్న విషయం కాదు.

కప్పు చూసి రాసే లెక్క

2011 జనగణన కోసం అంతకుముందు ఏడాది ఇళ్ల జాబితా తయారుచేశారు. మా టీచర్లనే గణకులుగా వేశారు. ఆ ఫారంలో గోడకు ఒక గడి, కప్పుకు ఒక గడి, నేలకు ఒక గడి. ఇంటి స్థితికి ఇంకో గడి: బాగుంది, నివాసయోగ్యం, శిథిలం. జనగణనవాళ్లు ‘శాశ్వత గృహం’ అని తేల్చేది మాత్రం గోడ, కప్పు సామాను చూసి. కప్పు పెంకు అయినా, రేకు అయినా, ఆస్బెస్టాస్ అయినా, రాయి అయినా, కాంక్రీటు అయినా శాశ్వతమే. గోడ ఇటుకతోనో, గచ్చు పోసి పేర్చిన రాయితోనో ఉంటే ఆ ఇల్లు శాశ్వత గృహమైపోయినట్టే.

ఇప్పుడు మన ప్రాంతపు ఇల్లు గుర్తు తెచ్చుకోండి. ఇది రాతి సీమ. వేరేచోట పేదవాడు గుడిసె మీద గడ్డి కప్పుకుంటే ఇక్కడ పేదవాడు కూడా రాతి బండ కప్పుకుంటాడు. అప్పోసప్పో చేసి గోడల మీద బండలు పరుస్తాడు. అందుకే మన తండాల్లో ఇళ్లు లెక్కల్లో పక్కావి. ఆ బండ నెర్రె విడిచిందా, దాని కింది గోడ బురదమట్టితో కట్టినదా అని అడిగే గడి ఉన్నా, దాన్ని నింపేది ఇంజినీరు కాదు, ఆ సమాధానాన్ని బట్టి ఎవరికీ మరమ్మతు రాదు.

ఇదే చూపు పథకంలోకి కూడా నడిచి వచ్చింది. 1985-86లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన 2016 ఏప్రిల్ నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌గా మారింది. లబ్ధిదారుల్ని 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన నుంచి ఏరారు. ఇల్లే లేనివాళ్లు, లేదా గోడా కచ్చా, కప్పూ కచ్చా అయిన రెండు గదుల లోపు ఇళ్లవాళ్లు అర్హులు. రెండూ కచ్చా కావాలి. అంటే కప్పు రాయి అయితే, రేకు అయితే, మనిషి వరుస నుంచి పక్కకు జరిగినట్టే. రేకు కింద మే నెలలో పసిపిల్లను పడుకోబెట్టి చూసినవాడెవడూ ఈ నిబంధన రాసి ఉండడు. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన లెక్కల్లో అది పక్కా కప్పు.

ఒక తండాలో ఒక పెద్దాయన నన్ను అడిగిన మాట ఇక్కడ చెప్పాలి. “సారూ, బండ ఉండాది కాబట్టి పక్కా అంటిరి. ఆ బండే మా నెత్తిన పడితే అప్పుడేమని రాస్తారు?”

దానికి జవాబు ప్రభుత్వ కాగితాల్లో ఉంది. ప్రకృతి విపత్తుల్లో నష్టానికి 2022 నుంచి 2026 వరకు అమల్లో పెట్టిన కేంద్ర నిబంధనల ప్రకారం మనిషి చనిపోతే కుటుంబానికి 4 లక్షలు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1.20 లక్షలు. కొంత దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. పడ్డాక ఇంత. పడకముందు దూలం మార్చుకోవడానికి, గోడ పూసుకోవడానికి, నెర్రె విడిచిన బండ దింపుకోవడానికి ఎంత? ఏమీ లేదు. ఇందిరా ఆవాస్ యోజనలో 1999-2000 నుంచి పాత ఇళ్లను మెరుగుపరచడానికి కొంత సొమ్ము వేరుగా ఉండేది. అది చాలకపోయినా, పాత ఇంటిని కాపాడటం కూడా గృహ విధానమే అన్న తెలివి అందులో ఉండేది. గ్రామీణ్ పథకం వచ్చాక మొత్తం చూపు కొత్త ఇంటి మీదికే పోయింది.

మిద్దె బరువు, వలస బరువు

బండ కప్పు సరే, మట్టి మిద్దెల మాటేమిటి? వానాకాలంలో అనంతపురం, సత్యసాయి జిల్లాల వార్తల్లో ‘మట్టి మిద్దె కూలి’ అనే మాట రాని ఏడాది తక్కువ. దీన్ని వాన చేసిన పనిగా రాస్తారు. వాన ఒక్కటే చేసిన పని కాదు.

మట్టి మిద్దె ఎలా నిలబడుతుందో మన పెద్దలకు బాగా తెలుసు. దూలాల మీద దంతెలు, వాటి మీద కంపో బోదో, దాని మీద మట్టి, పైన చౌడు. చౌడు మట్టి తడిసినప్పుడు మెత్తగా పరుచుకుని సందులు మూసేస్తుంది, నీటిని కిందికి దిగనివ్వదు. అయితే అది ఏటా ఎంతో కొంత కొట్టుకుపోతుంది. అందుకే వానలకు ముందు ప్రతి ఏడూ మిద్దె ఎక్కి చౌడు పోయాలి. పాత మట్టి తీయకుండా కొత్తది పోస్తూ పోతే మందం పెరుగుతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గది మీద అడుగు మందం మట్టి ఉంటే దాని బరువు దాదాపు నాలుగున్నర టన్నులు. వారం రోజులు ముసురు పట్టి ఆ మట్టి తడిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. కింద దూలాన్ని చెదలు తిన్నాయా లేదా అన్నది పైకి కనబడదు. బండ సంగతి కూడా చూడండి. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న రాతిబండ ఒక్కటే 170 కిలోల దాకా తూగుతుంది.

ఇప్పుడు దీనికి వలసను కలపండి. వాన సరిగా పడని ఏట మన కుటుంబాలు బెంగళూరు కట్టడాల పనికి, కాఫీ తోటలకు పోతాయి. చౌడు పోయవలసిన నెలల్లో ఇంటి దగ్గర ఉండేది ముసలివాళ్లు, చిన్నపిల్లలు. మిద్దె ఎక్కేవాడు లేడు. రెండేళ్లు, మూడేళ్లు చౌడు పడని మిద్దె కిందికి కుటుంబం తిరిగి వస్తుంది. ఆ ఏడే వాన గట్టిగా పడుతుంది. 2021 నవంబరులో మన జిల్లాల్లో కురిసిన వానలు గుర్తున్నాయి కదా. ఆ వానలకు కదిరి పట్టణంలోనే భవనం కూలి పిల్లలతో సహా పలువురు చనిపోయారు. పట్టణం నడిమధ్యలోని భవనానికే ఆ గతి పడితే తండాలో చౌడు పడని మిద్దెకు పూచీ ఎవరు?

కాబట్టి మిద్దె కూలడం కరువుతో, పనితో, వలసతో ముడిపడిన సంగతి. గృహ విధానం దాన్ని గాలివాన ఖాతాలో రాసి చేతులు దులుపుకుంటోంది.

‘ఒకసారి ఇచ్చాం కదా’

మూడో రకం ఇళ్లు సర్కారు తానే ఇచ్చినవి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. అప్పటినుంచి ప్రతి ప్రభుత్వమూ ఒక పేరుతో ఇళ్లు కట్టించింది. 2006లో ఇందిరమ్మ, ఆ తర్వాత ఎన్టీఆర్ గృహాలు, 2020 డిసెంబరు 25న మొదలైన ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు’. పేర్లు మారాయి గానీ ఒక నిబంధన మారలేదు. ఒకసారి ఇల్లు మంజూరైన కుటుంబానికి మళ్లీ రాదు.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ముప్ఫై ఏళ్ల కింద తండ్రికిచ్చిన ఒక గది ఇల్లు ఇప్పుడెలా ఉంది? పలుచటి స్లాబు. కమ్మీ మీద ఉండవలసినంత కాంక్రీటు లేదు. నీరు దిగి కమ్మీ తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. అందుకే ముందు పెచ్చులూడతాయి, తర్వాత కమ్మీ బయటికి కనబడుతుంది, ఆ తర్వాత స్లాబు కిందికి వంగుతుంది. పెచ్చులూడిన ఇళ్లలో పిల్లలు పై నుంచి రాలే సిమెంటు కంట్లో పడకుండా దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారు. ఆ ఇల్లు రిజిస్టరులో పక్కా ఇల్లు. ఆ తండ్రి లబ్ధిదారుడు. అదే గదిలో పెరిగి పెళ్లి చేసుకున్న కొడుకు తన కుటుంబం వేరని నిరూపించుకోవడానికి రేషను కార్డు విడగొట్టించుకోవాలని తిరుగుతుంటాడు.

కొత్త ఇంటికి పునాదికి ఒక ఫోటో, కప్పుకు ఒక ఫోటో, జియో ట్యాగింగు అన్నీ ఉన్నాయి. కట్టిన పదిహేనేళ్ల తర్వాత అదే ఇంటిని తిరిగి చూసే మనిషి లేడు. బిల్లు చెల్లించడంతో ప్రభుత్వ బాధ్యత తీరిపోతోంది.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. పేదలందరికీ ఇళ్ల పథకంలో యూనిట్ ధర 1.80 లక్షలు. పక్కనే తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు. 1.80 లక్షలకు 340 చదరపు అడుగుల ఇల్లు పూర్తవదని తండాలో మేస్త్రీ పని చేసే ప్రతివాడికీ తెలుసు. మిగతా డబ్బు వడ్డీకి తేవాలి, లేదా సిమెంటులో, కమ్మీలో, పునాది లోతులో తగ్గించుకోవాలి. చాలని డబ్బిచ్చి గట్టి ఇల్లు కట్టుకోమనడం అంటే బలహీనమైన ఇల్లు కట్టుకోమని చెప్పడమే. 2025 మార్చిలో ప్రభుత్వం ఆగిపోయిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, అతి బలహీన గిరిజనులకు లక్ష అదనంగా ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. ఇది మంచి పని. ధర చాలలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. అలాగే పట్టాలు ఆడవాళ్ల పేరున ఇవ్వడం, 2024లో కేంద్రం రెండు చక్రాల మోటారు బండి ఉన్నవాళ్లను తీసేసే నిబంధనను ఎత్తేయడం కూడా మంచివే. విమర్శించేవాళ్లం వీటిని కప్పిపుచ్చకూడదు.

సెంటు స్థలం, మేకల దొడ్డి, మగ్గం గుంత

ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. పేదలందరికీ ఇళ్ల పథకంలో పట్టణంలో ఒక సెంటు, గ్రామంలో సెంటున్నర ఇచ్చారు. సెంటులో 340 అడుగుల ఇల్లు కడితే మిగిలేది 95 అడుగులు. ఆ 95 అడుగుల్లో మేకలెక్కడ కట్టాలి? వెదురు ఎక్కడ చీరాలి? 2021 అక్టోబరు 8న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఇంత చిన్న స్థలంలో మనుషుల ఆరోగ్యం, ఏకాంతం ఏమవుతాయని ప్రశ్నించి, నిపుణుల కమిటీతో చదివించమని చెప్పింది. మరుసటి నెలలో డివిజన్ బెంచి ఆ తీర్పును పక్కన పెట్టింది. తీర్పు పోయింది గానీ ప్రశ్న పోలేదు. 2025 జనవరిలో ఇప్పటి ప్రభుత్వం గ్రామంలో మూడు సెంట్లు, పట్టణంలో రెండు సెంట్లు అని తీర్మానించింది. అంటే సెంటు చాలదన్నది ఇప్పుడు రెండు పక్షాల్లో ఒక పక్షం మాట మాత్రమే కాదు, ప్రభుత్వ విధానం.

అయినా మూడు సెంట్లా, రెండు సెంట్లా అనే దగ్గరే చర్చ ఆగకూడదు. ఇల్లు అంటే పడుకునే చోటు మాత్రమేనా, పని చేసుకునే చోటు కూడానా?

ధర్మవరం వెళ్లి చూడండి. పట్టు మగ్గం ఇంట్లోనే ఉంటుంది. గుంత మగ్గానికి నేల తవ్వాలి, పొడవాటి గది కావాలి, గాలీ వెలుతురూ కావాలి. చేనేతవాళ్లు దశాబ్దాలుగా పోరాడి ఈ సంగతిని ప్రభుత్వానికి తెలియజెప్పారు. 1985-86లో కేంద్రం చేనేతవారికి పనిశాలతో కూడిన ఇళ్ల పథకం తెచ్చింది. ఆ పథకం ఎంత బాగా నడిచిందన్నది వేరే చర్చ. పనిచేసుకునే మనిషికి పనిచోటుతో కలిసిందే ఇల్లు అన్న సూత్రాన్ని ప్రభుత్వం అక్కడ ఒప్పుకుంది. మరి మేకలతో బతికే సుగాలీ కుటుంబానికి దొడ్డి ఇంటిలో భాగం కాదా? బుట్టలు అల్లే, పందులు పెంచే ఎరుకల కుటుంబాన్ని పట్టణాల్లో టిడ్కో కట్టిన మూడంతస్తుల పై ఇంట్లో, 300 చదరపు అడుగుల్లో పెడితే వాళ్లకు ఇల్లు వచ్చినట్టా, పని పోయినట్టా? మగ్గానికి వర్తించిన న్యాయం మేకకూ, వెదురుకూ వర్తించాలి. మనవాళ్లు ఈ పోలికను ధర్మవరం నుంచే నేర్చుకుని అడగవచ్చు.

భూమి ఎక్కడుందని అధికారులు అంటారు. 2009 ప్రాంతంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అనే ఒక్క ప్రాజెక్టు కోసం 8,844 ఎకరాలు సేకరించి కేటాయించారు. ఆ హబ్ రాలేదు. పిల్లలకు లెక్క ఇచ్చినట్టు చేసి చూద్దాం. ఎకరాకు వంద సెంట్లు. 8,844 ఎకరాలు అంటే 8,84,400 సెంట్లు. మూడు సెంట్ల చొప్పున 2,94,800 కుటుంబాలకు జాగా. దారులకూ, బడులకూ సగం తీసేసినా లక్షా నలభై వేలకు పైగా. భూమి లేదనే మాట ఎవరికి చెబుతున్నారో, ఎవరికి చెప్పడం లేదో ఈ లెక్కలో కనబడుతుంది. 2019లో ఎర్రమంచి దగ్గర కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలయ్యాక పెనుకొండ చుట్టూ జాగా ధర, గది అద్దె పెరిగాయి. పేదవాడు ఇంకా దూరం జరిగాడు.

ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ 1991లో తగిన ఇల్లు అంటే ఏమిటో ఏడు కొలతలు చెప్పింది. ఖాళీ చేయించరన్న భరోసా, నీళ్లు కరెంటు వంటి సౌకర్యాలు, భరించగల ఖర్చు, నివాసానికి క్షేమం, వికలాంగులకూ వృద్ధులకూ అందుబాటు, పనికి బడికి దగ్గర, తమ సంస్కృతికి తగిన తీరు. మన సుప్రీంకోర్టు కూడా 1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసులో నివాస హక్కు జీవించే హక్కులో భాగమేనని, అది తల దాచుకునే కప్పుకే పరిమితం కాదని చెప్పింది. ఈ ఏడింటిలో మన పథకాలు సామాను ఒక్కదానితో ఎన్ని కొలుస్తున్నాయో మీరే చూసుకోండి.

ఇల్లుండీ లేనివాళ్లు

మన చరిత్రలో ఇల్లు లేకపోవడం ఒకప్పుడు నేరం. 1871 నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజధానిలో 1911 తర్వాత అమలయ్యాక ఎరుకలవాళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిందే. అక్కడ ఇల్లు ఇచ్చారు, హాజరు పిలిచారు, అనుమతి లేకుండా ఊరు దాటనివ్వలేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగిన సుగాలీలకు రైళ్లు వచ్చాక ఆ పని పోయింది, తండా మిగిలింది. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ ఒకచోట కనబడనివాడు లెక్కలోకి రాడు అన్న చూపు మాత్రం అలాగే ఉంది. సర్వే రోజున తలుపుకు తాళం ఉంటే పేరు పోతుంది.

వలస పోయిన సుగాలీ కుటుంబాన్నే తీసుకోండి. తండా జాబితాలో వాళ్లకు ఇల్లుంది. బెంగళూరులో ఇతరులకు పదంతస్తుల ఇళ్లు కడుతూ వాళ్లుండేది నీలిరంగు రేకుల షెడ్డులో. ఇక్కడ ఇల్లున్నవాళ్లు, అక్కడ ఇల్లు లేనివాళ్లు. రెండు చోట్లా సాయం లేదు. నిజానికి 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షను ప్రకారం పని జరిగే చోటుకు దగ్గరలో కార్మికులకు ఉచితంగా తాత్కాలిక వసతి, వంటకూ స్నానానికీ విడిగా చోటు యజమాని చూపించవలసి ఉండేది. ఆ సెక్షను గురించి మన యువకుల్లో ఎంతమందికి తెలిసింది? మేస్త్రీని అడగడానికి ముందు ఇలాంటివి మనకు తెలిసి ఉండాలి.

ఇక పట్టణంలో రాత్రి గడపవలసినవాళ్లు. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి రోడ్ల పక్కన, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో పడుకున్నవాళ్లను లెక్కిస్తే దేశంలో 17.7 లక్షల మంది తేలారు. ఒక్క రాత్రి లెక్క అది. 2013లో మొదలై 2024 దాకా నడిచిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధన ప్రకారం పట్టణ జనాభా ప్రతి లక్షకూ వంద మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఒకటి ఉండవలసింది. మనిషికి 50 చదరపు అడుగులు, ఏడాది పొడవునా, రాత్రింబవళ్లూ తెరిచి ఉండవలసింది. 2011 లెక్కల్లో హిందూపురం జనాభా లక్షన్నర, ధర్మవరం లక్షా ఇరవై వేలు. రెండూ ఆ నిబంధన కిందికి వచ్చాయి. పెనుకొండ అంత పెద్దది కాదు కాబట్టి రాలేదు. మనిషికి చలి మాత్రం ఊరి జనాభా చూసి వేయదు.

ఫిన్లండ్ దేశం 2008 నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. ముందు ఇల్లివ్వండి, మిగతా సమస్యలు ఆ తర్వాత చూద్దాం అన్నది దాని సారం. పని చూపించు, కాగితం చూపించు, అప్పుడు ఇల్లిస్తాం అనలేదు. అక్కడ వీధుల్లో పడుకునేవాళ్లు బాగా తగ్గారు. ధనిక దేశం కదా అనవచ్చు. ఆ వరుస మార్చడానికి డబ్బు కంటే ముందు చూపు కావాలి.

అడగవలసినవి, చేయవలసినవి

2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ అనే బహుళ అంతస్తుల భవనంలో మంటలు లేచి 72 మంది చనిపోయారు. అందులో ఉన్నవాళ్లు ప్రమాదం గురించి ముందునుంచే చెబుతూ వచ్చారు, వినలేదు. ఆ తర్వాతే 2022లో అక్కడ భవన భద్రత చట్టం వచ్చింది. మన దేశంలో 2025 జులై 25న రాజస్థాన్ ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మర్నాడే అన్ని బడులకు భద్రతా తనిఖీ చేయమని కేంద్రం చెప్పింది. బడికి తనిఖీ కావాలని ఒప్పుకున్నాక ఒక మాట అడగాలి. ఆ పిల్లలు బడిలో ఉండేది ఏడెనిమిది గంటలు. మిగతా పదహారు గంటలు ఉండే కప్పును ఎవరు తనిఖీ చేస్తారు?

దానికి కొత్త శాఖ అవసరం లేదు. 2019 అక్టోబరు నుంచి ప్రతి గ్రామ సచివాలయంలోనూ ఇంజినీరింగ్ అసిస్టెంటు ఉన్నారు. ఏటా వానలకు ముందు తండాల్లో, కాలనీల్లో పాత ఇళ్లను ఆయన చూడాలి, ప్రమాదమున్న ఇంటికి కాగితం రాసి ఇవ్వాలి, ఆ కాగితానికి మరమ్మతు సొమ్మో కొత్త ఇల్లో రావాలి, పని జరిగేదాకా ఆ కుటుంబానికి ఉండే చోటు చూపాలి. ప్రమాదకరమని రాసి ఖాళీ చేయించి వదిలేస్తే అది భద్రత కాదు, వెళ్లగొట్టడం. ఇది మొదటి కోరిక. ఇరవై ఐదేళ్లు దాటిన సర్కారు ఇల్లు శిథిలమైతే ‘ఒకసారి ఇచ్చాం’ అనే నిబంధన నుంచి మినహాయించాలన్నది రెండోది. ఇంటి స్థలంలో పనిచోటు లెక్క కూడా ఉండాలన్నది మూడోది. వలస పోయిన కుటుంబాన్ని తాళం చూసి కొట్టేయకూడదన్నది నాలుగోది.

2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో జనగణన అని కేంద్రం ప్రకటించింది. గణకులుగా పోయేది చాలావరకు మనమే, టీచర్లమే. ఇంటి స్థితి గడి దగ్గర తొందరపడకుండా ‘శిథిలం’ అంటే ఏమిటో ఇంటివాళ్లకు వివరించి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయడం మన చేతిలో ఉంది. యువకులు తమ తండాలో వేరుగా ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ఏ ఇంటి దూలం వంగింది, ఏ గోడ ఉబ్బింది, ఏ బండ నెర్రె విడిచింది, ఏ తలుపు ఈ ఏడు హఠాత్తుగా బిగుసుకుంది, ఎక్కడ కారణం లేకుండా పై నుంచి మట్టి రాలుతోంది. ఇవన్నీ కప్పు దిగబోతోందని చెప్పే గుర్తులు. వీటికి చదువు అక్కర్లేదు, చూపు చాలు. మిద్దె బరువు లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు ఘనపరిమాణం పాఠంలోనే చేయగలరు. ఆ పుస్తకంతో గ్రామసభకు పోయి, అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి. పట్టణంలో చదివే పిల్లలు రాత్రి ఆశ్రయం ఎక్కడుందో, రాత్రి పదింటికి దాని తలుపు తీసి ఉందో పోయి చూసి రావాలి.

మనకు ఇళ్లు ఇవ్వలేదని మనం ఇన్నాళ్లూ అడిగాం, ఇంకా అడుగుతాం. దాంతోపాటు ఇక మీదట ఇచ్చిన ఇల్లు, ఉన్న ఇల్లు, కట్టుకున్న ఇల్లు ఎంత క్షేమమో కూడా అడగాలి. పక్కా అన్న మాటను బండను చూసి కాదు, ఆ బండ కింద పడుకున్న పిల్లను చూసి రాయాలి.